మా ఊరి మూసీ... వాళ్ల ఊరి బోనం

మా ఊరికి రెండు నదులున్నాయి. ఒకటి కృష్ణమ్మ. రెండోది మూసీ. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వాడపల్లి అంటే కొందరికి తెలుస్తుంది, కొందరికి తెలియదు. అద్దంకి - నార్కట్‌పల్లి రోడ్డు మీద గుంటూరు వైపు వెళ్లేవాళ్లకు మాత్రం బాగా తెలుసు. కృష్ణ మీద వంతెన ఎక్కి అవతల పొందుగులలో దిగే ముందు వచ్చే ఆఖరి ఊరు మాదే. లారీ డ్రైవర్లు మా ఊరిని చెక్‌పోస్టుతో గుర్తుపెట్టుకుంటారు. సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు దుమ్ముతో గుర్తుపెట్టుకుంటారు. భక్తులైతే రెండు గుళ్లతో.

అగస్త్యేశ్వరస్వామి గుళ్లో శివలింగం మీద చిన్న గుంట ఉంటుంది. అందులో నీళ్లు ఎంత తోడినా తగ్గవంటారు. బోయవాడికి భయపడి ఒక పావురం శివయ్యను శరణు వేడిందట. పావురం బదులు నా తలలోంచి మాంసం తీసుకో అన్నాడట శివయ్య. ఆ గాయం కడగడానికి గంగే వచ్చిందని, ఆ నీళ్లే ఇవని మా పెద్దలు చెప్పేవారు. ఇక లక్ష్మీనరసింహస్వామి గుళ్లో స్వామి ముఖం దగ్గర పెట్టిన దీపం ఊపిరి తగిలినట్టు అల్లాడుతూ ఉంటుంది. కింద పెట్టిన దీపం మాత్రం కదలదు. చిన్నపిల్లలు ఆ రెండు దీపాలనూ మార్చి మార్చి చూస్తుంటే పూజారి నవ్వుకుంటాడు.

ఈ రెండు గుళ్లకూ దగ్గర్లోనే మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నడిమధ్య నుంచి వచ్చి, కత్వల దగ్గర ఆగుతూ, చెరువులు నింపుతూ, సోలిపేట దగ్గర ప్రాజెక్టు దాటి, సుమారు 240 కిలోమీటర్లు ప్రయాణం చేసి మా ఊళ్లో ఆగిపోతుంది. పంతుళ్లు సంకల్పంలో దాన్ని ముచికుంద అంటారు. మేము మూసీ అంటాం.

హైదరాబాద్ నుంచి మా ఊరికి వచ్చేవి రెండే. కార్లలో అస్థికలు, మూసీలో మురుగు. ఇది కోపంతో అంటున్న మాట కాదు. నలభై ఏళ్లుగా కళ్లతో చూస్తున్న సంగతి. సంగమంలో అస్థికలు కలపడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండ ఒళ్లో పెట్టుకుని కారు దిగుతారు. రేవు దాకా ఏడ్చుకుంటూ వచ్చి, మెట్ల మీద నిలబడ్డాక మాత్రం ఒక్క నిమిషం ముక్కు మూసుకుంటారు. ఎండాకాలంలో అయితే మరీనూ. అది చూసినప్పుడల్లా మాకు మా ఇంటి గురించి ఎవరో తక్కువ చేసి మాట్లాడినట్టుండేది. “మీరు పంపిందే కదమ్మా” అని లోపల అనుకునేదాన్ని. పైకి మాత్రం “అటు కృష్ణ దిక్కు దిగండమ్మా, నీళ్లు బాగుంటాయి” అని చెప్పేదాన్ని.

2019లో మా వారు పోయారు. ఆయన అస్థికలు కలపడానికి మేము కారెక్కాల్సిన పని లేకపోయింది. ఇంటి నుంచి నడిచే వెళ్లాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎప్పుడూ నగరం మా ఊరికి రావడమే గానీ నేను పండగకు నగరానికి పోయింది లేదు. అమ్మాయిని పాతబస్తీలో గౌలిపురాకు ఇచ్చి పన్నెండేళ్లయింది. పురుడు పోయడానికి వెళ్లాను, మనవరాలి పుట్టినరోజుకు వెళ్లాను, ఆస్పత్రి పనుల మీద వెళ్లాను. బోనాలకు మాత్రం వెళ్లలేదు. ఆ రోజుల్లో మా ఇంటి దగ్గర నాట్ల సందడి. మా ప్రాంతంలోనూ బోనాలుంటాయి. వానలు పడ్డాక ముత్యాలమ్మకు చేస్తాం. ఒక్క డప్పు, ఊరందరి బోనాలు, చేలగట్ల మీదుగా నడక. చీకటి పడేలోపు ఇంటికి వచ్చేస్తాం. బోనమంటే నాకు తెలిసింది అదే.

2024 జులైలో అమ్మాయి ఫోన్ చేసింది. “అమ్మా, అత్తమ్మకు మోకాళ్ల ఆపరేషనైంది గదా. ఈసారి బోనం నేనే ఎత్తుకోవాలె. నువ్వు పక్కనుంటే ధైర్యం” అంది. మా వియ్యపురాలు పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి ఒక్కసారి కూడా మానకుండా లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళికి బోనం ఎత్తిన మనిషి. మేమిద్దరం ఒకరినొకరం వదినె అనే పిలుచుకుంటాం. అమ్మాయి చేతిలోంచి ఫోన్ తీసుకుని తనే మాట్లాడింది.

“బొట్టు పెట్టి పిలవాలె వదినె. మోకాళ్లు లేస్తలేవు. ఫోన్ల పిలుస్తున్ననని ఏమనుకోకు, తప్పకుంట రా.”

అలా పిలిస్తే ఎవరు మాత్రం పోకుండా ఉంటారు?

మిర్యాలగూడలో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇచ్చారు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఉచితం కదా, బస్సు నిండా మావాళ్లే. సగంమంది పండగకు పుట్టింటికి పోతున్న ఆడపిల్లలు. ఆషాఢంలో అమ్మవారు కూడా పుట్టింటికి వస్తుందని, అందుకే ఆడపిల్లకు పెట్టినట్టు వండి పెడతామని పెద్దవాళ్లు చెబుతారు. నేనేమో అందరికీ ఎదురు. కూతురి అత్తింటికి పోతున్న తల్లిని.

మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగగానే ముందు పలకరించింది మూసీయే. ఆ బస్‌స్టేషన్ కట్టిందే మూసీ పాయల నడుమ. గాలి ఇటు తిరగ్గానే వాసన వచ్చింది. పక్కనున్న పిల్ల చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆటో అతను రుమాలు కట్టుకున్నాడు. నాకు మాత్రం తెలిసిన మనిషి కనిపించినట్టనిపించింది. మా ఊళ్లో దీని ముసలితనం చూశాను, ఇక్కడ నడివయసు చూస్తున్నాను. కానీ మా దగ్గరికి వచ్చేసరికి కత్వల్లో, చెరువుల్లో, పొలాల్లో ఆగి ఆగి కాస్త తేటపడుతుంది. ఇక్కడ అదీ లేదు. నల్లగా, నురగలు కక్కుతూ, కదులుతోందో లేదో తెలియకుండా ఉంది.

చార్మినార్ దాటి లోపలికి పోయేకొద్దీ వీధులు మారిపోయాయి. గోడలకు కొత్త సున్నాలు. ఈ చివర నుంచి ఆ చివర దాకా వేపమండల తోరణాలు. రంగురంగుల బల్బులు. ప్రతి సందు మొగలోనూ ఒక మైకు. ప్రతి మైకులోనూ ఒక పాట. మూడు పాటలు ఒకేసారి చెవిలో పడితే ఏది వినాలో తెలియక చెవులు మొరాయించాయి.

“గోల్కొండల మొదటి బోనమైంది. పోయినవారం సికింద్రాబాద్‌ల అయింది. ఇగ మనది” అంది వదినె, వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి. అదే అక్కడి లెక్క. ఆషాఢంలో గోల్కొండ కోటలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి దాటి, లాల్‌దర్వాజకు వచ్చి ముగుస్తుంది. ఒక్క నగరంలో ఒకే పండగ నెలంతా వీధి మార్చుకుంటూ నడుస్తుంది.

ఆ రాత్రి వదినె పండగ కథ చెప్పింది. సికింద్రాబాద్ కథ మనలో చాలామంది విన్నదే. 1813లో జంటనగరాల్లో కలరా చెలరేగితే, ఉజ్జయినిలో పలటన్‌లో పనిచేస్తున్న సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. మావాళ్లు బతికితే నీ విగ్రహాన్ని మా ఊళ్లో నిలుపుతానని. 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. లాల్‌దర్వాజ కథ మాత్రం నాకు కొత్త. అది మా నది కథ.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్ పార్కులో, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, ప్రధాని కిషన్ ప్రసాద్ సలహా మీద లాల్‌దర్వాజ అమ్మవారికి పట్టుబట్టలు, బంగారు చాటలో ముత్యాలు, పసుపు కుంకుమలు సమర్పించాడని, వరద తగ్గిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. “పాదుషా తురకాయన. నదికి మొక్కేటప్పుడు అది అడ్డం రాలే” అంది వదినె. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన చూపిన దారిలో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నేను మాత్రం పక్కమీద పడుకుని ఆ వరద నీళ్లన్నీ చివరికి ఎక్కడికి పోయి ఉంటాయో ఆలోచించాను. మా ఊరికే. అప్పటి మా పెద్దలు ఆ నీళ్లలో ఏమేం చూశారో ఎవరూ రాసిపెట్టలేదు.

జులై 28, ఆదివారం. తెల్లవారుజామున నాలుగింటికే ఇల్లు లేచింది.

బజారంతా ఇత్తడి బిందెలకు రంగులేసి బోనాలుగా అమ్ముతున్నారు. వదినె ఒప్పుకోలేదు. “మట్టి కుండనే. పగిల్తె మట్టిల కలవాలె” అంది. కుర్చీలో కూర్చునే అంతా చేయించింది. కుండ కడిగించింది. పసుపు పూయించింది. సున్నం చుక్కలు, కుంకుమ బొట్లు పెట్టించింది. లోపల బెల్లమన్నం. మీద మూకుడు, మూకుడు మీద ప్రమిద, చుట్టూ వేపమండలు. పక్కన చెంబులో సాక, అంటే పసుపు నీళ్లలో వేపాకు. మా ఊళ్లోనూ ఇవే. ఒక్కటీ తేడా లేదు. రెండొందల కిలోమీటర్ల మట్టి ఒకే రకంగా వండుకుంటున్నట్టనిపించింది. తొమ్మిదేళ్ల మనవరాలు తనకూ చిన్న బోనం కావాలని మారాం చేస్తే, పెరుగు తోడేసే చిట్టి ముంతకు పసుపు రాసిచ్చింది వాళ్ల నానమ్మ.

తీరా బోనం అమ్మాయి తల మీదికెత్తే సమయానికి వదినె కుర్చీలోంచి లేవబోయింది. లేవలేకపోయింది. ముప్పై ఎనిమిదేళ్లు మోసిన బరువు ఇంకొకరి తల మీద చూడటమంటే చిన్న విషయం కాదు. కోడలి నెత్తిన చుట్టకుదురు సర్దుతూ, “దీపం ఆరొద్దు బిడ్డా, అంతే. ఇగ ఏమైనా పర్వాలే” అని మాత్రం అంది. నా వైపు తిరిగి, “నువ్వు పక్కపొంటి ఉండు వదినె” అంది.

గుడి అరకిలోమీటరు కూడా ఉండదు. మాకు మూడు గంటలు పట్టింది.

ఆ మూడు గంటలూ నేనేం చూశానో వరసగా చెప్పమంటే చెప్పలేను. ముందూ వెనకా బోనాలే. ఒళ్లంతా పసుపు పూసుకుని, కళ్ల చుట్టూ కాటుక దిద్దుకుని, నడుముకు వేపమండలు కట్టుకుని పోతురాజులు కొరడా ఝళిపిస్తుంటే జనం విడిపోయి మళ్లీ కలుసుకుంటున్నారు. శివసత్తులు ఊగుతున్నారు. వెదురుబద్దలకు రంగు కాగితాలు అతికించి కట్టిన తొట్టెలు మనుషుల తలల మీదుగా తేలిపోతున్నాయి. తీన్‌మార్ దెబ్బకు గుండె ఎముకలకు తగులుతోంది. ఊళ్లో డప్పు చప్పుడు దూరం నుంచి వస్తుంది, మనం దానికి ఎదురెళ్తాం. ఇక్కడ చప్పుడే మనల్ని మోసుకెళ్తుంది.

సగం దారిలో చినుకులు మొదలయ్యాయి. నాకు మరో పని లేదు, దృష్టంతా దీపం మీదే. అమ్మాయి కంటే నేను పొట్టి. ముని వేళ్ల మీద నడుస్తూ, కొంగు గొడుగులా పట్టి దీపానికి అడ్డం పెట్టాను. చేయి నొప్పి పుట్టింది. పక్క వరసలో ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి చూసి, “అమ్మా, నేను పడుత తియ్యి” అని తన చేతిలోని ప్లాస్టిక్ చాట అడ్డం పెట్టింది. గుడి మెట్ల దాకా వదల్లేదు. పేరడిగితే చప్పుడులో వినపడలేదు. మా నరసింహస్వామి గుళ్లో పైదీపం గుర్తొచ్చింది. అల్లాడుతుంది గానీ ఆరదు. మా అమ్మాయి దీపం కూడా అంతే. అల్లాడింది, ఆరలేదు.

ఇంటికి రాగానే వదినె అడిగిన మొదటి మాట దీపం గురించే. ఆరలేదని చెప్పగానే కోడలి చేతులు రెండూ తీసుకుని కళ్లకద్దుకుంది. అత్త కోడలి చేతులు కళ్లకద్దుకోవడం నేను అంతకుముందు చూడలేదు. మా అమ్మాయి కూడా చూసినట్టు లేదు, గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం మాంసం కూర ఎక్కువ ఉప్పయింది. ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు సోమవారం. ఉదయం రంగం. అంటే పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పడం. తర్వాత ఊరేగింపు. హరిబౌలిలోని అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు అంబారీ మీద బయల్దేరుతుంది. అక్కన్న, మాదన్నలు గోల్కొండ ఆఖరి సుల్తాన్ తానీషా దగ్గర మంత్రులుగా చేసిన అన్నదమ్ములు. 1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయింది. మంత్రులూ పోయారు, సుల్తానూ పోయాడు. వాళ్ల పేరు పెట్టుకున్న గుడి ఘటం మాత్రం ఏటా చార్మినార్ ముందు నుంచే వెళుతుంది. దాని వెనక మిగతా గుళ్ల ఘటాలు. శాలిబండ, చార్మినార్, గుల్జార్‌హౌజ్, మదీనా మీదుగా నయాపూల్ దాకా నడిచి, అక్కడ మూసీలో ఘటాల నిమజ్జనం.

వదినె నడవలేదు కదా. మమ్మల్నిద్దర్నీ అల్లుడు ముందే ఆటోలో చుట్టుతిప్పి నయాపూల్ దగ్గర దింపాడు. ఒక పండ్ల దుకాణం ఆయన వదినె చేతిలో వాకర్ చూసి, అడక్కుండానే రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశాడు. “బైఠో అమ్మా, జులూస్ ఆనేకు బహుత్ టైం హై” అన్నాడు. ఊరేగింపు అక్కడికి చేరేసరికి సాయంత్రం దాటుతుంది. అలా మేమిద్దరం మూసీకి ఎదురుగా మూడు గంటలకు పైగా కూర్చున్నాం. పన్నెండేళ్ల వియ్యంలో అంతసేపు ఒక్కచోట కూర్చుని మాట్లాడుకోవడం అదే మొదలు.

గాలి మా వైపు తిరిగింది. వదినె అలవాటు ప్రకారం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అంతలోనే నా వైపు చూసి, టక్కున కొంగు వదిలేసింది.

“వదినె, ఇవి మీ ఊరికే గద పోతయి?”

“ఆ. మా ఊరికే.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన చిన్నతనం చెప్పింది. తన పుట్టిల్లు కూడా మూసీ ఒడ్డేనట, చాదర్‌ఘాట్ దిక్కు. చిన్నప్పుడు బట్టలు ఉతకడానికి తల్లి వెంట వచ్చేదట. ఇసుకలో చెలిమె తీస్తే తాగే నీళ్లు ఊరేవట. “నా కండ్ల ముంగటనే ఖరాబైంది వదినె. ఎన్నడు ఖరాబైందో తెల్వలే. ఇంట్ల ముసలోళ్లు అయినట్టే, రోజు చూస్తుంటే తెల్వది” అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఒక నగరం పెరిగిన లెక్కలన్నీ చదివినా, నది ఎలా పాడవుతుందో ఇంత స్పష్టంగా నాకు తెలియలేదు. ఎవరో ఒకరోజు వచ్చి పాడు చేసి పోలేదు. కోటిమంది ఇళ్లలో ఎవరి కుళాయి వాళ్లు తిప్పుకున్నారు. ఎవరి ఫ్యాక్టరీ పైపు వాళ్లు వదులుకున్నారు. పైన రెండు జలాశయాలు నీళ్లు పట్టుకుంటే కింద నదికి మిగిలింది పట్నం వదిలిన నీళ్లే. మా ఊరి రేవులో ముక్కు మూసుకున్న వాళ్లలో ఎవరినని నిలదీస్తాం? వాళ్లూ ఆ క్షణంలో తల్లినో తండ్రినో నీళ్లలో వదలడానికి వచ్చినవాళ్లే.

“అన్నయ్యను అక్కడ్నే కలిపినవు గద?” అంది వదినె ఉన్నట్టుండి. మా వారిని అన్నయ్య అనేది. “ఈ నీళ్లల్లనేనా?”

ఆమె కళ్లలో నీళ్లున్నాయి. తన ఊరి మురుగు మా వారి మీద నుంచి పోతోందని బాధపడుతోంది. ఊరికే ఓదార్చడానికి కాదని చెప్పవచ్చు. కానీ ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“సంగమంలనే. కృష్ణ దిక్కు నిలబడే కలిపినం. కానీ నీళ్లకు గీతుండది గద వదినె” అన్నాను. “వానకాలం వస్తే మాత్రం కొంతదూరం దాకా రెండు రంగులు కనపడతయి. కృష్ణది ఒక రంగు, మూసీది ఒక రంగు. పక్కపక్కన పోతయి. చూస్తుండంగనే కలిసిపోతయి. ఏది ఏదో చెప్పలేం.”

“పుష్కరాలు మళ్ల ఎప్పుడు?”

“పోయినవి 2016 ఆగస్టుల అయినయి. మళ్ల 2028ల.”

2016 పుష్కరాలకు మా వాడపల్లి ఎలా ఉండిందో చెప్పాను. పన్నెండు రోజులు ఊరు ఊరులా లేదు. కొత్త ఘాట్లు, బారికేడ్లు, షామియానాలు, ఎక్కడ చూసినా జనం. ఇప్పుడు తన ఊళ్లో నేనెలా తిరుగుతున్నానో అప్పుడు మా ఊళ్లో పట్నంవాళ్లు అలా తిరిగారు. దారులు అడిగారు, మంచినీళ్లడిగారు, పిల్లలకు బాత్రూములు అడిగారు. మా ఇంట్లో రోజూ కాగులకొద్దీ పులిహోర కలిపాం.

“నేనొస్త వదినె. నన్ను ముంచుతవా?”

“రా. కృష్ణ దిక్కు మంచి ఘాటుంది. చెయ్యి పట్టుకుని ముంచుత.”

“మూసీల ముంచవా?” అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమె పుట్టింది మూసీ ఒడ్డున. మెట్టింది మూసీకి ఈవలి పక్కన. ముప్పై ఎనిమిదేళ్లుగా తన బోనం దీవెనలన్నీ ఘటంలో పెట్టి పంపుతున్నది ఈ నీళ్లలోకే. తన నదిలో ముంచమని అడుగుతోంది. వందల మందికి రేవులో నిలబడి కృష్ణ దిక్కు దారి చూపించిన నాకు, మూసీలో దిగుతానని అడిగిన మొదటి మనిషి ఆమే.

అప్పుడే పైనుంచి డప్పులు దగ్గరపడ్డాయి. జనం లేచారు. ఏనుగు వంతెన వైపు వస్తోంది. దుకాణం ఆయన తన కొడుకుని పిలిచి వదినె కుర్చీని ఇద్దరూ కలిసి అరుగు మీదికి ఎత్తి పెట్టారు, ఆమెకు కనపడాలని. ఘటాన్ని దించి కిందికి తీసుకుపోతుంటే వదినె రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఆ చీకట్లో నీళ్లు నల్లగా ఉన్నాయో తెల్లగా ఉన్నాయో తెలియలేదు. పూలు తేలాయి. వేపమండలు తేలాయి. ఘటం ఒక్కసారి అటూ ఇటూ ఊగి మునిగిపోయింది.

“పో తల్లీ. మా వదినె వాళ్ల ఊరికే పో” అంది వదినె.

బుధవారం నేను వాడపల్లి వచ్చేశాను. ఆ ఏడాది ఎగువన వానలు బాగా పడ్డాయి. శ్రీశైలం నిండి, ఆగస్టు మొదటి వారంలో నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు. మా రేవులో మెట్లు ఒక్కొక్కటే మునిగాయి. ఒకరోజు సాయంత్రం అమ్మాయికి వీడియో కాల్ చేసి, ఫోన్ వదినెకు ఇమ్మన్నాను. ఫోన్ అటు తిప్పి సంగమం చూపించాను. వరదకు ఎర్రబారిన కృష్ణ, పక్కన మూసీ.

“ఘటం వచ్చిందా?” అంది వదినె నవ్వుతూ.

“నడుమ సోలిపేట డ్యాం ఉండె గద. గేట్లు దాటి రావాలె.”

“వస్తది తియ్యి. మా అమ్మవారు గేట్లకు ఆగదు.” నవ్వు ఆపి, కాసేపు ఆ రెండు రంగుల నీళ్లనే చూసింది. తర్వాత ఫోన్‌కే చేతులు జోడించింది. మా వారికో, కృష్ణకో, తన మూసీకో నేను అడగలేదు.

“వదినె, అప్పుడు అడిగిన మాటకు జవాబు చెప్పలే నువ్వు” అంది.

చెప్పాను. పుష్కరాలకు వస్తే ముందు మూసీ దిక్కే తీసుకుపోతానని, ఆ రోజుకు నీళ్లు ఎలా ఉంటే అలా, దిగగలిగితే ఇద్దరం కలిసి దిగుదామని, లేకపోతే ఒడ్డున నిలబడి పసుపు కుంకుమ వేసి, తర్వాత కృష్ణలో మునుగుదామని. ముక్కు మాత్రం మూసుకోవద్దని. ఆమె ఒప్పుకుంది.

ఆ తర్వాత కొన్ని నెలలు పేపర్ల నిండా మూసీ వార్తలే. ప్రక్షాళన గురించి, ఒడ్డున ఇళ్ల గురించి, అయ్యే ఖర్చు గురించి నాయకులు ఒకరినొకరు తిట్టుకున్నారు. అవన్నీ నేనూ చదివాను, వదినెకూ చదివి వినిపించాను. మా ఇద్దరికీ అందులో కావలసింది ఒక్కటే. ఆ నది ఒడ్డున ఇళ్లున్న పేదవాళ్లు ఏడవకూడదు. ఆ నది చివర ఉన్న మా రేవులో ఎవరూ ముక్కు మూసుకోకూడదు. రెండూ కలిపి అడగడం అత్యాశ అంటే మేం చేయగలిగింది లేదు.

“2028 అంటే ఇంక నాలుగేండ్లుంది” అని లెక్కపెట్టింది వదినె ఆ రోజు ఫోన్‌లో. “నా మోకాళ్లు, ఆ మూసీ... ఏది ముందు బాగైతదో చూద్దాం.”

2025 జులై 20న లాల్‌దర్వాజ బోనాలకు మళ్లీ వెళ్లాను. వదినె వాకర్ ఎప్పుడో అటకెక్కింది. తన బోనం తనే ఎత్తుకుంది. నేను పక్కపొంటి నడిచాను. మోకాళ్లు గెలిచాయి. ఇక మిగిలింది మూసీయే.